ఒక రాత్రి ముందే చేరాలి

(తిరుపతిలో ఫుట్‌బాల్ నేర్చుకుంటున్న పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, వ్యాయామ ఉపాధ్యాయులు కలుసుకున్న సభలో ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం. ఆయన మాట్లాడినట్టే రాశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న పిల్లకాయలు పొద్దున ఐదున్నరకే గ్రౌండ్‌కి వచ్చి ప్రాక్టీస్ చేసి, ఇంటికెళ్లి స్నానం చేసి, మళ్లీ ఇక్కడికి వచ్చారు. వాళ్లకి నా నమస్కారం ఇంకొకసారి. నేను చెప్పబోయేది సగం వాళ్లకి, సగం వాళ్ల వెనక కూర్చున్న పెద్దలకి.

నన్ను మాట్లాడమన్న విషయం ఏమంటే, మన జట్టు ఈ మధ్య బయట ఊళ్లలో ఎట్లా గెలుస్తోంది అని. మీకు గుర్తుండే ఉంటుంది, కొన్నేళ్ల కిందటి వరకు మన జట్టు గురించి ఒక మాట ఉండేది. రేణిగుంట దాటితే ఓటమే అని. తిరుపతిలో ఆడితే ఎవరొచ్చినా మనవాళ్లు వదిలేవాళ్లు కాదు. అదే పదకొండు మంది, అవే కాళ్లు, వేరే ఊళ్లో దిగితే మాత్రం మొదటి అరగంటలోనే రెండు గోల్స్ తినేవాళ్లు. అప్పట్లో నేను కూడా అందరిలాగే అనుకున్నాను, పిల్లల్లో ధైర్యం లేదని.

ఒకసారి అనంతపురంలో ఓడి వచ్చాం. బస్టాండ్‌లో దిగగానే నిలబెట్టి అందరినీ తిట్టాను. మీకు గుండె లేదు, జనాన్ని చూస్తే కాళ్లు వణుకుతాయి, అని చాలా మాటలన్నాను. మా లెఫ్ట్ బ్యాక్ పిల్లోడు, ఎప్పుడూ మాట్లాడడు, తల వంచుకుని ఒకే మాట చెప్పాడు. "సార్, నాకు భయం వెయ్యలేదు. ఆకలేసింది."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేం ముందురోజు రాత్రి బయలుదేరాం. పిల్లలు బస్సులో కూర్చునే తెల్లవార్లూ ప్రయాణం చేశారు. తెల్లవారి దిగి, ముఖాలు కడుక్కుని, దొరికింది తిన్నారు. కొందరు వాంతి వస్తుందని ఏమీ తినలేదు. మ్యాచ్ పదకొండు గంటలకి. ఎండ సంగతి మీకు తెలుసు. నిద్ర లేదు, తిండి లేదు, గ్రౌండ్ ఎప్పుడూ చూసింది కాదు. ఇవన్నీ చేసింది నేను. తిట్లు తిన్నది వాళ్లు.

అప్పటి నుంచి నేను చదవడం మొదలుపెట్టాను. బయట ఊళ్లో జట్లు ఎందుకు ఓడిపోతాయి, ఎప్పుడు గెలుస్తాయి అని. అంకెలు కొంచెం చెప్తాను, ఓపిక పట్టండి.

యూరప్‌లో క్లబ్ పోటీలు నడిపేది యుయెఫా. 1965 నుంచి వాళ్ల పోటీల్లో ఒక నిబంధన ఉండేది. రెండు జట్లు ఒకరి గ్రౌండ్‌లో ఒకరు ఆడాక మొత్తం గోల్స్ సమానమైతే, బయట ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టు ముందుకెళ్తుంది. బయట గోల్ కొట్టడం అంత కష్టం అనుకున్నారు కాబట్టి దానికి అంత విలువ ఇచ్చారు. 2021లో ఆ నిబంధన తీసేశారు. తీసేస్తూ లెక్క చెప్పారు. 1970ల మధ్యలో నూటికి 61 మ్యాచ్‌లు సొంతూరి జట్టే గెలిచేది, వచ్చిన జట్టు గెలిచేవి 19. అది ఇప్పుడు 47, 30 అయిందన్నారు. మరి ఈ మధ్యకాలంలో ఏమి మారింది? గ్రౌండ్లు బాగుపడ్డాయి, వాటి కొలతలు దాదాపు ఒకేలా అయ్యాయి, స్టేడియంలో భద్రత పెరిగింది, రిఫరీకి కెమెరాల సాయం వచ్చింది, ప్రయాణం సుఖంగా మారింది. యుయెఫా చెప్పిన కారణాలు ఇవి. ప్రయాణం అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మా లెఫ్ట్ బ్యాక్ పిల్లోడు చెప్పింది అదే కదా.

ఇంకొకటి, రిఫరీ. ఓడినప్పుడల్లా మనం రిఫరీని తిడతాం, అమ్ముడుపోయాడు అంటాం. అట్లా అనకండి. ఇంగ్లండ్‌లో ఒక ప్రయోగం చేశారు, 2002లో అచ్చయింది. 40 మంది రిఫరీలకి ఒకే మ్యాచ్‌లోని ట్యాకిల్స్, అంటే ఎదుటివాడి దగ్గర బంతి లాక్కునే ప్రయత్నాలు, వీడియోలో చూపించారు. కొందరికి జనం అరుపులతో, మిగతావాళ్లకి శబ్దం లేకుండా. అరుపులు విన్న రిఫరీలు సొంతూరి జట్టు మీద 15.5 శాతం తక్కువ ఫౌల్స్ ఇచ్చారు. అక్కడ డబ్బు లేదు, బెదిరింపు లేదు, గదిలో టీవీ ముందు కూర్చున్నారు. అయినా చెవిలో పడ్డ అరుపు చేతిని ఆపేసింది. రిఫరీ కూడా మనిషే. అందుకని ఇప్పుడు మన జట్టులో కెప్టెన్ తప్ప ఎవరూ రిఫరీతో మాట్లాడరు. అరిచే జనం అక్కడ ముందే ఉన్నారు, మనం వెళ్లి ఇంకో పదకొండు గొంతులు కలపడం ఎందుకు?

జనం లేకపోతే ఏమవుతుందో కూడా ప్రపంచం చూసింది. కోవిడ్ కాలం. ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా పెద్ద లీగ్ ప్రీమియర్ లీగ్. దాని 2020-21 సీజన్ దాదాపుగా ఖాళీ స్టేడియాల్లో జరిగింది. ఆ సీజన్‌లో సొంతూరి జట్లు 144 మ్యాచ్‌లు గెలిస్తే, వచ్చిన జట్లు 153 గెలిచాయి. ఇంగ్లండ్ పెద్ద లీగ్ చరిత్రలో అట్లా జరగడం అదే మొదలు. మాంచెస్టర్ యునైటెడ్ ఆ సీజన్ మొత్తంలో బయట ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. 12 గెలుపులు, 7 డ్రాలు. అదే జట్టు సొంత గ్రౌండ్‌లో 6 మ్యాచ్‌లు ఓడింది. బయట 43 పాయింట్లు, ఇంట్లో 31. సౌతాంప్టన్‌లో హాఫ్ టైమ్‌కి 2-0 వెనకబడి ఉన్నారు. వాళ్ల ఫార్వర్డ్ కవానీ సెకండ్ హాఫ్‌లో దిగి రెండు గోల్స్ కొట్టి, ఇంకోటి కొట్టించాడు. 3-2. బయట ఓటమి లేకుండా వాళ్లు మొత్తం 29 లీగ్ మ్యాచ్‌లు ఆడారు, 2021 అక్టోబర్‌లో లెస్టర్‌లో ఓడేదాకా. అంతకుముందు ఆ రికార్డు ఆర్సెనల్‌ది, 27 మ్యాచ్‌లు.

జనం తిరిగి వచ్చాక మళ్లీ సొంతూరి జట్లదే పైచేయి అయింది. కాబట్టి ఎవరైనా, సార్, జనం అరుపులు పట్టించుకోకూడదు అంతే, అంటే నేను ఒప్పుకోను. అరుపులు పనిచేస్తాయి. పనిచేస్తాయని ఒప్పుకుని సిద్ధం కావాలి.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన జట్టు గురించి చెప్తాను. లెస్టర్ సిటీ. 2016లో అదే ప్రీమియర్ లీగ్ గెలిచిన సంగతి పిల్లలందరికీ తెలుసు. ఆ గెలుపులో బయట మ్యాచ్‌ల పాలు ఎంతో మాత్రం ఎవరూ చెప్పరు. 2014-15లో లెస్టర్ బయట 19 మ్యాచ్‌లు ఆడి 4 గెలిచింది, 3 డ్రా చేసింది, 12 ఓడింది. మరుసటి సీజన్‌లో 19లో 11 గెలుపులు, 6 డ్రాలు, ఓడినవి రెండే. ఆర్సెనల్ గ్రౌండ్‌లో ఒకటి, లివర్‌పూల్ గ్రౌండ్‌లో ఒకటి. పాయింట్లలో చూస్తే 15 కాస్తా 39 అయింది. ఇంట్లో కూడా బాగుపడ్డారు, 26 నుంచి 42కి. బయట పెరిగింది మాత్రం ఇంకా ఎక్కువ.

ఎట్లా సాధ్యమైంది? కోచ్ మారాడు, రానియేరి వచ్చాడు. మిడ్‌ఫీల్డ్‌లోకి కాంటే వచ్చాడు, ఇద్దరు ఆటగాళ్ల పని ఒక్కడే చేసేవాడు. నేను గమనించింది ఇంకొకటి ఉంది. లెస్టర్ బంతిని తన దగ్గర ఎక్కువసేపు ఉంచుకోవాలని ఆశపడలేదు. నలుగురు వెనక, నలుగురు వాళ్ల ముందు, రెండు వరుసలు కట్టి నిలబడేవాళ్లు. సొంతూళ్లో ఆడే జట్టుకి ఒక ఇబ్బంది ఉంది, ఆలోచించండి. వాళ్ల జనం వాళ్లని ఊరుకోనివ్వరు. వెనక్కి పాస్ ఇస్తే గోల చేస్తారు. ముందుకు పోండి, ముందుకు పోండి అంటారు. జనం కోసం వాళ్లు ముందుకొస్తారు. వెనక ఖాళీ పడుతుంది. ఆ ఖాళీలోకి ఒక్క పాస్. అక్కడ లెస్టర్ ఫార్వర్డ్ వార్డీ పరిగెత్తుతుంటాడు. అంటే ఎదుటి జట్టు జనం అరుపుల్నే లెస్టర్ వాడుకుంది. ఇది నాకు అర్థమైన రోజు నేను నోట్‌బుక్‌లో రాసుకుని, కింద రెండుసార్లు గీత గీసుకున్నాను.

2016 ఫిబ్రవరి 6న మాంచెస్టర్ సిటీ గ్రౌండ్‌లో వాళ్లు ఆడిన మ్యాచ్ పిల్లలందరూ చూడాలి. బంతి ఎక్కువసేపు సిటీ దగ్గరే ఉంది. మూడో నిమిషంలో ఫ్రీ కిక్ నుంచి లెస్టర్ ఆటగాడు హ్యూత్ గోల్ కొట్టాడు. సెకండ్ హాఫ్ మొదట్లో లెస్టర్‌కే మహ్రెజ్. తర్వాత కార్నర్ నుంచి మళ్లీ హ్యూత్, తలతో. చివరికి 3-1. ఆ సీజన్‌లోనే స్టోక్‌లో, సౌతాంప్టన్‌లో 2-0 వెనకబడి కూడా 2-2 చేశారు. సౌతాంప్టన్‌లో వార్డీ సమం చేసింది 90 నిమిషాలు దాటాక. ముందు ఏడాది అయితే ఆ మ్యాచ్‌లు పోయేవే.

మనం ఇక్కడ తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్లం. పరాయి ఊరికి రావడం అంటే ఏమిటో మనకన్నా ఎక్కువ ఎవరు చూస్తారు? దేశం మొత్తం మన ఊరికి వస్తుంది. అలిపిరి దగ్గర పొద్దున్నే నిలబడి చూడండి. 3,550 మెట్లు. మొదటిసారి వచ్చిన కుర్రాళ్లు గోవింద కొడుతూ పరుగున ఎక్కుతారు. గాలిగోపురం దాకా నిటారుగా ఉంటుంది, అక్కడికి చేరేసరికి ఊపిరి ఉండదు, గోడకి ఆనుకుని కూలబడతారు. ఏటేటా వచ్చే పెద్దామె ఉంటుంది, ఆమె మొదటి మెట్టు నుంచీ ఒకే నడక. ఎక్కడ కూర్చోవాలో, ఎక్కడ నీళ్లు తాగాలో తెలుసు. మోకాళ్ల మెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆ కుర్రాళ్లని దాటేసి పైకి వెళ్లిపోతుంది.

బయట ఊళ్లో మొదటి 20 నిమిషాలు గాలిగోపురం లాంటివి. ఎదుటి జట్టు ఊపు మీద ఉంటుంది, జనం కొత్తగా అరుస్తుంటారు. ఆ 20 నిమిషాలు మనం ఏమీ గొప్పగా చెయ్యక్కర్లేదు. త్రో-ఇన్‌కి నిదానంగా వెళ్లండి. గోల్‌కీపర్ బంతి పట్టుకుంటే ఊపిరి పీల్చుకుని ఇవ్వండి. మన సగంలో ఫౌల్ చెయ్యకండి. 20 నిమిషాలు 0-0గా గడిస్తే జనంలో సగం మంది వాళ్ల జట్టు మీదే విసుక్కోవడం మొదలుపెడతారు. అప్పుడు మన ఆట మొదలు.

ఇక మనం మార్చుకున్నవి చెప్తాను. పెద్దలు ఇది వినాలి.

మొదటిది తిండి. తల్లులందరూ ప్రేమతో పులిహోర, వడలు కట్టి పంపేవాళ్లు. తప్పేమీ లేదు, మ్యాచ్ అయ్యాక తినడానికి. ముందు మాత్రం నూనె ఉన్నవి వద్దన్నాం. మ్యాచ్‌కి మూడు గంటల ముందు ఇడ్లీనో, పెరుగన్నమో. గంట ముందు ఒక అరటిపండు. నీళ్ల క్యాన్ మనదే. కడుపు చెడి ఒక పిల్లోడు బయట కూర్చోవడం ఇప్పుడు అరుదు.

రెండోది గ్రౌండ్. మనం ఆడేది ఎర్రమట్టి మీద, చిన్న చిన్న రాళ్లు, గట్టి నేల. ఇక్కడ బంతిని కొంచెం తాకిస్తే చాలు, పరిగెత్తుతుంది. బయట కొన్నిచోట్ల మంచి పచ్చిక ఉంటుంది. గడ్డి కాస్త పెరిగి ఉంటే అదే పాస్ మధ్యలో ఆగిపోతుంది, ఎదుటివాడు పట్టుకుపోతాడు. మా పిల్లలు చాలాకాలం పాస్ ఇవ్వడం రాదని మాటలు పడ్డారు. పాస్ సరిగ్గానే ఇచ్చారు, మన గ్రౌండ్ లెక్కకి ఇచ్చారు. ఇప్పుడు ముందురోజు సాయంత్రం గ్రౌండ్‌కి వెళ్తాం. చెప్పులు విప్పి నడుస్తాం. ఎక్కడ పల్లం, ఎక్కడ మెత్తన చూస్తాం. గోల్‌కీపర్ రెండు గోల్స్ దగ్గరా నిలబడి సూర్యుడు ఏ వైపు ఉంటాడో చూసుకుంటాడు. ఇద్దరిద్దరు పాస్‌లు ఇచ్చుకుంటారు, అరగంట. అంతే. ఆ అరగంట పాస్‌ల వల్ల మనకి వచ్చిన గెలుపులు ఉన్నాయి.

పెద్ద జట్లకి కూడా చోటు ముఖ్యమే. బొలీవియాలో లాపాజ్ సముద్రమట్టానికి 3,600 మీటర్ల ఎత్తున ఉంది, అలవాటు లేనివాళ్లకి అక్కడ ఊపిరి అందదు. 2009లో మెస్సీ ఉన్న అర్జెంటీనా అక్కడ 6-1తో ఓడింది. కోచ్ మారడోనా. వాళ్లకి ఆట రాదని ఎవరైనా అంటారా? అదే అర్జెంటీనా 2020లో అక్కడికే వెళ్లి 2-1తో గెలిచింది.

మూడోది చప్పుడు. దీనికి తల్లిదండ్రులు సాయం చేశారు. ప్రాక్టీస్ మ్యాచ్‌లప్పుడు లైన్ పక్కన నిలబడి పిల్లల్ని గేలి చెయ్యమన్నాం. మన గంగ జాతరకి తప్పెట్లు వాయించే వాళ్లలో ఇద్దరు వచ్చి గంటసేపు వాయించారు. మొదటి రోజు పిల్లలకి ఒకరి మాట ఒకరికి వినపడక డిఫెన్స్ మొత్తం చెదిరిపోయింది. తర్వాత వాళ్లే చేతి సైగలు పెట్టుకున్నారు. చెయ్యి పైకెత్తితే లైన్ ముందుకు, అరచెయ్యి కిందికి చూపిస్తే ఆగు. ఆ సైగలు నేను నేర్పలేదు, ఈ ముందు వరుసలో కూర్చున్న అమ్మాయిలు కనిపెట్టారు, అబ్బాయిలు వాళ్లని చూసి నేర్చుకున్నారు.

(చప్పట్లు)

ఇక్కడ రహీం సాబ్‌ని తలుచుకోకుండా వెళ్లలేను. హైదరాబాద్‌లో బడిలో పాఠాలు చెప్పిన మనిషి, సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. రోవర్స్ కప్ ఎక్కడ జరిగేది? బొంబాయిలో. ఐదేళ్లూ పరాయి ఊళ్లోనే.

1962లో జకార్తా ఆసియా క్రీడలు. మన దేశ జట్టుకి కోచ్ ఆయనే. ఇజ్రాయెల్, తైవాన్ జట్లని రానివ్వలేదని మన దేశపు అధికారి ఒకరు అభ్యంతరం చెప్పారు. దాంతో అక్కడి జనం మన మీద కోపంగా ఉన్నారు. ఫైనల్‌కి లక్ష మంది దాకా వచ్చారు, అరుపులన్నీ మనకి వ్యతిరేకంగానే. ఎదుట దక్షిణ కొరియా, మొదటి మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించిన జట్టు. జర్నైల్ సింగ్ డిఫెండర్, తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ ఆయన్ని ముందు వరుసలో ఆడించారు. మొదటి 20 నిమిషాల్లో పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1తో బంగారు పతకం. అప్పటికే రహీం సాబ్‌కి క్యాన్సర్. మరుసటి ఏడు పోయారు.

మరి సార్, మీరు 20 నిమిషాలు ఓపిక పట్టమన్నారు, వాళ్లు ఆ 20 నిమిషాల్లోనే రెండు కొట్టారు కదా అని మా కెప్టెన్ ఒకసారి అడిగాడు. మంచి ప్రశ్న. కొట్టగలిగితే కొట్టండి, నాయనా, ఎవరు వద్దంటారు? జనాన్ని చల్లార్చడానికి దాన్ని మించిన మందు లేదు. కాని ఆ జట్టు అదే జకార్తాలో అప్పటికి నాలుగు మ్యాచ్‌లు ఆడి ఉంది. ఆ ఊరి గాలి, నేల, తిండి వాళ్లకి అలవాటయ్యాయి. ఆ సంగతి కూడా లెక్కలో వేసుకోండి.

వెనక నుంచి ఒక తండ్రి అడుగుతున్నారు, అయ్యవారూ, ముందురోజే వెళ్లాలంటే ఖర్చు ఎవరు పెడతారు అని. నేను దానికే వస్తున్నాను. పోయిన ఏడాది మనం ముందురోజు చేరిన మ్యాచ్‌లు కొన్ని, పొద్దున దిగి ఆడినవి కొన్ని. పొద్దున దిగి ఆడిన వాటిలో ఇప్పటికీ ఓడుతున్నాం. సైగలు అవే, పాస్‌లు అవే, తిండి అదే. తేడా ఒక్క రాత్రి నిద్ర.

ఈ సభకి ముందు ముగ్గురు పెద్దలు నన్ను కలిశారు. పిల్లలకి కొత్త జెర్సీలు కుట్టిస్తామన్నారు, వెనక పేర్లతో సహా. వాళ్లకి చేతులెత్తి దండం పెడుతున్నాను. జెర్సీలు ఇంకో ఏడాది వస్తాయి, చిరిగిన చోట మేం కుట్టుకుంటాం. ఆ డబ్బుతో వచ్చే నెల వెళ్లే ఊళ్లో మాకు ఒక రాత్రికి రెండు గదులు చూపించండి, అబ్బాయిలకి ఒకటి, అమ్మాయిలకి ఒకటి. మంచాలు లేకపోయినా ఫరవాలేదు, చాపలు, దుప్పట్లు మేం తెచ్చుకుంటాం. ఫ్యాన్ తిరగాలి, తలుపు వేస్తే చీకటిగా ఉండాలి, తొమ్మిదికల్లా పిల్లలు పడుకోవాలి.